ఆరో ఏట వచ్చే పన్నును ఎవరు చూస్తున్నారు?

పిల్లల పంటి మీద పసుపో గోధుమరంగో మచ్చ కనిపిస్తే మన ఇళ్ళలో ముద్దాయిలు ముందే సిద్ధంగా ఉంటారు. చాక్లెట్లు, సరిగ్గా తోముకోకపోవడం, బోరు నీళ్ళు. వీటన్నిటి వెనకా చివరికి బోనులో నిలబడేది తల్లి. అడిగిందల్లా కొనిపెట్టింది, దగ్గరుండి తోమించలేదు, నీళ్ళ సంగతి పట్టించుకోలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు అంటే సరే, వాళ్ళకు తెలిసింది అంతే అనుకుంటాం. అదే మాట క్లినిక్కు కుర్చీ పక్కన నిలబడినవాళ్ళు కూడా అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను డాక్టర్ని కాను. విశాఖలో దంతవైద్యులకు సరుకు అమ్ముతాను. సిమెంట్లు, కాంపోజిట్లు, మత్తు సూదులు, అచ్చు తీసే పొడి, గ్లవుజులు. గాజువాక నుంచి మధురవాడ దాకా రోజూ ఏదో ఒక క్లినిక్కు రిసెప్షన్‌లో కూర్చుని చెక్కు కోసం ఎదురుచూస్తుంటాను. అలా కూర్చున్నవాడికి లోపలి మాటలు వినపడతాయి. ఏ క్లినిక్కు ఏం కొంటుందో, ఏం కొనదో కూడా తెలుస్తుంది. ఈ వ్యాసానికి నా అర్హత అంతే. దానికి తోడు నా చెల్లెలి కూతురు.

ముందు పన్ను గురించి చెప్పాలి. ఆరో ఏట, కొందరికి కాస్త అటూ ఇటూగా, పాలపళ్ళ వరస వెనక నాలుగు కొత్త దవడ పళ్ళు వస్తాయి. పైన రెండు, కింద రెండు. ఇవి పాలపళ్ళు కావు, జీవితాంతం ఉండాల్సినవి. కానీ వీటికి చోటివ్వడానికి ఏ పన్నూ ఊడదు. కదలడం, రక్తం రావడం, ఊడిన పన్ను ఇంటి కప్పు మీదికి విసరడం, ఏ సందడీ ఉండదు. ముందు పన్ను ఊడితే ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టే ఇంట్లోనే ఈ నాలుగూ ఎప్పుడొచ్చాయో ఎవరికీ తెలియదు. తెలిసినా ఇదీ పాలపన్నే, ఎలాగూ ఊడిపోతుంది అనుకుంటారు. నమలడంలో పెద్ద భారం మోసేది, మిగతా పళ్ళ వరసకు ఆధారంగా నిలిచేది ఈ పళ్ళే. పిల్ల నోట్లోకి వచ్చే మొదటి శాశ్వత పళ్ళలో ఇవీ ఉంటాయి, అన్నిటికంటే తక్కువమంది చూసేవీ ఇవే.

ఎనామెల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. దాన్ని తయారుచేసే కణాల పేరు అమెలోబ్లాస్ట్‌లు. అవి ముందు ప్రోటీన్‌తో ఒక అచ్చు కడతాయి. ఆ తర్వాత ఆ ప్రోటీన్‌ను తీసేస్తూ, ఆ చోటంతా కాల్షియం, ఫాస్ఫేట్‌లతో నింపుకొస్తాయి. పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికి ఆ కణాలు మిగలవు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఎనామెల్ ఊడితే ఊడినట్టే. మొదటి దవడ పన్నుకు ఈ పని పుట్టుక ప్రాంతంలో మొదలై మూడేళ్ళు నిండేసరికి దాదాపు ముగుస్తుంది. ముందు పళ్ళ ఎనామెల్ పని కూడా చాలావరకు ఆ కాలంలోనే నడుస్తుంది. అంటే ఏడేళ్ళ పిల్ల పంటి మీద కనిపిస్తున్న మచ్చ, ఆ పిల్ల ఒళ్ళో పసిపాపగా ఉన్నప్పుడు పడింది. అప్పటికి చాక్లెట్ రుచే తెలియదు.

ఈ నింపే పని మధ్యలో చెడితే ఎనామెల్ మందం సరిగ్గానే ఉంటుంది కానీ నాణ్యత ఉండదు. ఖనిజం తక్కువ, ప్రోటీన్ ఎక్కువ. ముట్టుకుంటే సుద్దముక్కలా పెళుసు. ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో జనానికి అర్థమయ్యేలా వీటిని చాక్ పళ్ళు అనే అంటారు. వైద్యంలో పేరు మోలార్ ఇన్సైజర్ హైపోమినరలైజేషన్, పొట్టిగా ఎంఐహెచ్. స్వీడన్‌లో పిల్లల పళ్ళ డాక్టర్లు 1970ల చివర్లోనే ఈ వింత దవడ పళ్ళను గమనించారు. 2001లో ఈ పేరు ఖాయమైంది. 2003లో యూరప్ పిల్లల దంతవైద్యుల అకాడమీ, దీన్ని ఎలా గుర్తించాలో ప్రమాణాలు రాసుకుంది. అంటే పేరు పెట్టుకుని పాతికేళ్ళు. ఇప్పుడు నలభయ్యేళ్ళు దాటిన డెంటిస్టు కాలేజీలో ఉన్నప్పుడు పాఠ్యపుస్తకంలో దీనికి చోటు ఉండకపోవచ్చు. అది వాళ్ళ తప్పు కాదు. కానీ ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి కదా.

ఇదేదో అరుదైన జబ్బు అనుకుంటే పొరపాటు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కేస్తే 13, 14 శాతం పిల్లల్లో ఉంటుందని తేలింది. మన దేశంలో అంకెలు ఊరికో రకం. గాంధీనగర్‌లో 9 శాతం పైన, చండీగఢ్‌లో 6 శాతం పైన వచ్చింది. తక్కువ అంకెనే తీసుకున్నా, నలభైమంది ఉన్న క్లాసులో ఇద్దరు ముగ్గురు. మన ఊళ్ళో ఒక మామూలు స్కూలు ప్రార్థన లైనులో నిలబెడితే ఎంతమంది అవుతారో ఎవరికి వాళ్ళు వేసుకోవచ్చు.

మరి డెంటిస్టులకు ఇది తెలుసా? ఈ ప్రశ్న అడగడం ఈమధ్య ఒక చిన్న పరిశోధనా పరిశ్రమే అయిపోయింది. మలేషియా, హాంకాంగ్, సౌదీ, ఆస్ట్రేలియా, చిలీ, బ్రిటన్, స్పెయిన్, ఇలా చాలా చోట్ల డెంటిస్టులకు ప్రశ్నపత్రాలు ఇచ్చి అడిగారు. అంకెలు వేరు గానీ కథ మాత్రం ఇంచుమించు ఒకటే. ఎక్కువమంది మేం చూశాం అంటారు. పిల్లల స్పెషలిస్టులకు ఉన్న ధైర్యం మామూలు డెంటిస్టులకు ఉండదు. కారణం ఏమిటంటే తలో మాట చెబుతారు. ఏ మెటీరియల్ వాడాలంటే ఇంకో తలో మాట. ఇంకా శిక్షణ కావాలా అంటే మాత్రం అందరూ చెయ్యెత్తుతారు.

ఈ సర్వేల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆసక్తి లేనివాడు ఆ కాగితం నింపడు. నింపినవాడు మీరు గుర్తుపట్టగలరా అంటే పట్టలేనని ఎందుకు రాస్తాడు? అసలు పరీక్ష వేరే. ఏడేళ్ళ పిల్ల పది నిమిషాలు మాత్రమే కుర్చీలో కూర్చుంటుంది, అందులో ఆరు నిమిషాలు ఏడుస్తుంది. వెనక ఇంకో నలుగురు పేషెంట్లు. ఆ కాస్త టైములో డాక్టరు ఆ మచ్చను ఏమనుకున్నాడు, తల్లికి ఏం చెప్పాడు, ఏం చేశాడు? తెలిసి ఉండటం అంటే నా లెక్కలో ఇది. ఈ లెక్కన చూస్తే మన ఊళ్ళో పరిస్థితి బాగాలేదనే నా వాదన. పేరు చాలామందికి తెలుసు, పంటిని చూసినప్పుడు ఆ పేరు గుర్తుకు రావడం లేదు.

తెలుగువాళ్ళ దగ్గర ఇది ఇంకాస్త కష్టం. దానికో చరిత్ర ఉంది. దేశంలో ఫ్లోరోసిస్, అంటే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు గురించి మొదటిసారి వైద్యపత్రికలో వచ్చింది మన తెలుగు పల్లెల గురించే. 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా గురించి. ఆ తర్వాత నల్గొండ పేరే ఆ జబ్బుకు ఇంటిపేరు అయిపోయింది. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి కూడా నల్గొండ టెక్నిక్ అనే పేరు. ఎముకలు వంగిపోయిన మనుషుల ఫోటోలు చూస్తూ పెరిగిన తరాలం మనం. అందుకే పంటి మీద మచ్చ కనపడగానే నోట్లోంచి ఫ్లోరైడ్ అనే మాట తనంతట తానే వస్తుంది, డాక్టరుకైనా, పక్కింటావిడకైనా.

కానీ విశాఖలో కార్పొరేషన్ కుళాయి నీళ్ళు తాగి పెరిగిన పిల్ల సంగతేమిటి? మన కుళాయిల్లోకి వచ్చేది మేహాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ, ముడసర్లోవ, ఏలేరు కాలువ నీళ్ళు. చాలావరకు వాన నీళ్ళే చెరువుల్లో, రిజర్వాయర్లలో చేరి వస్తాయి. ఫ్లోరైడ్ బాధ ముఖ్యంగా రాళ్ళ లోతుల్లోంచి తోడే బోరు నీళ్ళది. శివారు కాలనీల్లో బోరు మీద బతికే అపార్టుమెంట్లు లేవా అంటే ఉన్నాయి, అక్కడ నీళ్ళు పరీక్ష చేయించాల్సిందే. అది వేరే సంగతి. సీతమ్మధారలో కుళాయి నీళ్ళు తాగిన పిల్లకు నీళ్ళు అడక్కుండానే ఫ్లోరైడ్ అని చెప్పి పంపడం మాత్రం బద్ధకం.

చూస్తే తేడా తెలుస్తుంది. నాకు ఇవి చెప్పింది ఒక పిల్లల పళ్ళ స్పెషలిస్టు మేడమ్, సరుకు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు తీరిగ్గా కూర్చోబెట్టి మరీ చూపించారు. ఫ్లోరోసిస్ మచ్చకు అంచు ఉండదు, పంటి మీద అడ్డంగా పలచగా పరుచుకుని ఉంటుంది. కుడివైపు ఎలా ఉంటే ఎడమవైపు జతపన్ను కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. ఎంఐహెచ్ మచ్చకు గీత గీసినట్టు అంచు ఉంటుంది. ఒక దవడ పన్ను ముక్కలు ముక్కలుగా రాలిపోతుంటే దాని జతపన్ను శుభ్రంగా ఉండొచ్చు. ముందు పళ్ళలో ఒకదాని మీద తెల్లగానో పసుపుగానో ఒక మచ్చ ఉంటే అది ఇంకో ఆధారం. ఇక పుచ్చు మొదలయ్యేది గాడుల్లో, పళ్ళ సందుల్లో, చిగురు అంచున. ఎంఐహెచ్ పన్ను విరిగేది ఎత్తుగా ఉండే కొనల దగ్గర. పుచ్చు మామూలుగా అక్కడ మొదలుపెట్టదు. ఇంట్లో తండ్రికో మేనత్తకో కూడా ఉండి, అన్ని పళ్ళూ ఒకేలా పాడయి ఉంటే అది వంశపారంపర్యంగా వచ్చే మరో జబ్బు. ఒక పాలపన్ను పుచ్చి చీము పట్టి, దాని కింద నుంచి వచ్చిన ఒక్క పన్ను మాత్రమే మచ్చతో వస్తే ఆ కథ వేరు. ఇదంతా చెప్పడానికి ఆవిడకు ఒక టీ తాగేంత సేపు పట్టింది. ఖరీదైన యంత్రం ఏదీ అక్కర్లేదు. తడి తుడిచి మంచి లైటు వేసి చూస్తే చాలు.

తప్పు పేరు పెడితే ఏమవుతుంది అంటారా? నా మేనకోడలికి ఏమయిందో చెబుతాను. ఆ పిల్ల ఐస్‌క్రీమ్ ముట్టుకోవడం మానేసింది. పొద్దున్న బ్రష్ వెనకవైపు పోనిచ్చేది కాదు. జివ్వుమంటోంది అమ్మా అంటే ఎగ్గొట్టడానికి వేషాలు అనుకున్నారు. వాళ్ళ నానమ్మ అయితే, "ఏటమ్మా, ఆ చాకలెట్లు పెట్టొద్దంటే విన్నావా?" అని కోడల్ని అందరి ముందూ అనేసింది. క్లినిక్కులో పుచ్చు అన్నారు, సిమెంటు పెట్టారు. కొన్నాళ్ళకే ఊడిపోయింది. మళ్ళీ పెట్టారు, ఈసారి పక్కనున్న పంటి ముక్కతో సహా ఊడింది. మరో చోటికి తీసుకెళితే మత్తు సూది ఇచ్చారు, మత్తు ఎక్కలేదు. పిల్ల కెవ్వుమంది. నోరు తెరవకపోతే ఎలా అని పిల్లనే కోప్పడ్డారు. ఆ తర్వాత ఆ వీధి మొగలో ఆటో తిరిగినా పిల్ల ఏడుపు మొదలుపెట్టేది. "మావయ్యా, నువ్వు ఆ డాక్టర్లకు సూదులు అమ్మకు" అంది ఒకరోజు.

ఇందులో ప్రతి ముక్కకూ పుస్తకంలో కారణం ఉంది. ఎనామెల్‌లో సందులు ఎక్కువ కాబట్టి చల్లదనం, సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. పంటి లోపలి నరం చాలాసార్లు వాచి ఉంటుంది, అందుకే మత్తు సరిగ్గా ఎక్కదంటారు. పిల్ల వేషాలు వేయలేదు, నిజంగానే నొప్పి. ఖనిజం తక్కువైన ఎనామెల్‌కు ఫిల్లింగు గట్టిగా అతుక్కోదు. మచ్చ మధ్యలోనే అంచు పెట్టి ఆపేస్తే ఆ అంచు విరుగుతుంది, గట్టి ఎనామెల్ దాకా వెళ్ళాలి. స్వీడన్‌లో 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఈ జబ్బు తీవ్రంగా ఉన్న తొమ్మిదేళ్ళ పిల్లలకు మొదటి దవడ పళ్ళ మీద మిగతా పిల్లలకంటే దాదాపు పది రెట్లు ఎక్కువ చికిత్స జరిగిందని తేలింది. డెంటిస్టు అంటే భయం కూడా ఆ పిల్లల్లో ఎక్కువ. అంటే పుచ్చు అనుకుని చేసిన పని వృథా పోవడమే కాదు, ఆ పిల్ల పెద్దయ్యాక కూడా క్లినిక్కు గడప తొక్కకుండా చేస్తుంది.

చివరికి మేడమ్ దగ్గర స్టీలు క్యాప్ వేయించాం. అదేమంత గొప్ప టెక్నాలజీ కాదు. తయారుగా దొరికే క్యాప్, సైజు చూసి సిమెంటుతో తొడగడమే. ఇక్కడే నా వ్యాపారం సంగతి చెప్పాలి. పాలపళ్ళకు వేసే స్టీలు క్యాపులు పిల్లల స్పెషలిస్టులు బాగానే కొంటారు. ఆరో ఏట వచ్చే శాశ్వత దవడ పన్నుకు వేరే డబ్బా ఉంటుంది. ఆ డబ్బా మా గోడౌన్‌లో దుమ్ము పట్టి ఉంటుంది. పంటిని కాపాడటానికి పైన పూసే ఫ్లోరైడ్ వార్నిష్ సంగతీ అంతే, మామూలు క్లినిక్కుల ఆర్డర్లలో కనపడదు. జిర్కోనియా బ్లాకులు, ఇంప్లాంటు సామాను మాత్రం ఫోన్ల మీద ఫోన్లు చేసి అడుగుతారు. రోగం ఊళ్ళో ఉంది, మందు గోడౌన్‌లో ఉంది. మధ్యలో గుర్తుపట్టే కన్ను ఉంటే ఆ డబ్బా కదిలేది.

ఇందులో మా పాత్ర కూడా తక్కువేం కాదు. బీచ్ రోడ్డు హోటళ్ళలో ఆదివారాలు డెంటిస్టులకు శిక్షణ కార్యక్రమాలు జరుగుతాయి. భోజనం, బ్యాగు, బ్యానరు ఖర్చు కంపెనీలది, డీలర్లది. మేం స్పాన్సర్ చేసేది అమ్ముడుపోయేవాటికే. ఇంప్లాంట్ల మీద చెబితే హాలు నిండుతుంది, మాకూ ఆర్డర్లు వస్తాయి. కాస్త వార్నిష్, కాస్త గ్లాస్ అయానమర్ సిమెంటు, ఒక స్టీలు క్యాప్‌తో అయిపోయే జబ్బు మీద ఎవడు బిర్యానీ పెట్టిస్తాడు? సర్వేల్లో శిక్షణ కావాలని చెయ్యెత్తినవాళ్ళకు ఆ శిక్షణ ఎందుకు దొరకదో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

డెంటిస్టుల తరఫున కూడా మాట్లాడాలి. ఒకాయన నాతో సూటిగా అన్నారు. "ఓపీ ఫీజు రెండొందలు. అది కూడా పక్క క్లినిక్కులో ఫ్రీ అని బోర్డు. పేరెంట్‌ను కూర్చోబెట్టి ఎనామెల్ పాఠం చెబితే నాకు అద్దె ఎవరు కడతారు? చెప్పినా పాలపన్నే కదా సార్, ఊడిపోతుందిగా అంటారు." నిజమే, కాదనను. పిల్లల దంతవైద్యం బీడీఎస్ చివరి ఏడాదిలో ఉండే బోలెడు సబ్జెక్టుల్లో ఒకటి. బయటికి వచ్చాక రోజంతా రూట్ కెనాళ్ళు, క్లీనింగులే. కానీ ఆ డాక్టరుగారిని నేను అడిగేది పాఠం కాదు. ఇది శాశ్వత పన్ను, పుట్టినప్పటి నుంచి మూడేళ్ళలోపు ఎప్పుడో జరిగిన లోపం, మీ తప్పేమీ లేదు, నాకు అనుమానంగా ఉంది కాబట్టి ఫలానా స్పెషలిస్టుకు చూపించండి. ఇంతే. రుషికొండలో ఒక డెంటల్ కాలేజీ, భీమిలి దారిలో సంగివలసలో ఇంకొకటి ఉన్న ఊరు మనది. చీటీ రాసి పంపడానికి చోటు లేదని అనలేం.

మీ తప్పేమీ లేదు అనే ముక్క నేను కావాలనే చేర్చాను. కారణం ఇదీ అని ఇంతవరకూ ఎవరూ ఒక్కదాన్ని తేల్చలేదు. కాన్పు కష్టం కావడం, నెలలు నిండకపోవడం, మొదటి మూడేళ్ళలో పదేపదే జ్వరాలు, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్లు, వంశం, వీటన్నిటితో సంబంధం కనిపించింది. యాంటీబయాటిక్‌ల మీదా అనుమానం ఉంది గానీ, మందు వల్లా, మందు వాడేలా చేసిన జ్వరం వల్లా అన్నది విడదీయడం కష్టం. అందుకని నిమోనియా వచ్చిన పాపకు అమోక్సిసిలిన్ మానెయ్యకండి. మెల్‌బోర్న్ పరిశోధకులు 2020లో ప్రచురించిన పనిలో, ఈ సుద్ద ఎనామెల్‌లో రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఇరుక్కుని ఉందని చూపించారు. ఖనిజం చేరకుండా అదే అడ్డుపడుతోందని వాళ్ళ వాదన. ఈ కారణాల్లో ఎక్కడా అమ్మ కొనిచ్చిన చాక్లెట్ లేదు. పన్ను బయటికి వచ్చాక తీపి, మురికి దాన్ని ఇంకా త్వరగా పాడుచేస్తాయి, అది నిజం. అందుకే తోముకోవడం మామూలు పిల్లలకంటే ఈ పిల్లలకు ఎక్కువ అవసరం. నొప్పి వల్ల తోముకోలేని పిల్లను తిట్టి ప్రయోజనం లేదు, గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి బ్రష్ ఇస్తే కొంత నయం.

తొందరగా ఎందుకు చూడాలి అంటే దారులు అప్పుడే ఎక్కువ. పన్ను విరగకముందు వార్నిష్‌తో, గాడుల్ని మూసే సీలెంట్‌తో కాపాడవచ్చు. కొంచెం విరిగితే ఫిల్లింగు, ఇంకాస్త పోతే క్యాప్. మరీ పాడయి తీసెయ్యాల్సి వచ్చినా దానికీ ఒక సమయం ఉంది. ఎనిమిది నుంచి పదేళ్ళ మధ్య, ఎక్స్‌రేలో వెనక పన్ను ఎంతవరకు తయారైందో చూసి, క్లిప్పుల డాక్టరును కూడా అడిగి తీస్తే, పన్నెండో ఏట వచ్చే పన్ను ముందుకు జరిగి ఆ ఖాళీని చాలావరకు పూడ్చే అవకాశం ఉంటుంది. పదిహేనేళ్ళకు వచ్చి తీస్తే ఆ అవకాశం పోయినట్టే. ఇంకో ముందస్తు సూచన కూడా ఉంది. పాలపళ్ళలో అన్నిటికన్నా వెనకదాని మీద ఇలాంటి అంచున్న మచ్చ ఉంటే, ఆరో ఏట వచ్చేదానికీ ఉండే అవకాశం బాగా పెరుగుతుంది. రెండున్నర, మూడేళ్ళకే ఆ పాలపన్ను నోట్లో కనపడుతుంది. మూడేళ్ళ ముందే తెలిసే సంగతి అన్నమాట.

మరి ఎవరు చూడాలి? స్కూళ్ళలో పిల్లల్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది, దాని జాబితాలో పళ్ళ జబ్బులూ ఉన్నాయి. అయితే టార్చి వేసి నల్లగుంతలు వెతికే కంటికి పసుపు మచ్చ ఆనదు. నాకు అంతకంటే సులువైన దారి ఒకటి తోస్తోంది. ప్రభుత్వ టీకాల పట్టికలో ఐదారేళ్ళ వయసులో డీపీటీ రెండో బూస్టర్ ఉంది. సరిగ్గా ఈ పన్ను రాబోయే వయసు. ఆ సూది వేసే రోజు పిల్లల డాక్టరు ఒక్క మాట చెబితే చాలు. ఏడాది లోపు వెనక కొత్త పన్ను వస్తుందమ్మా, అది ఊడేది కాదు, రాగానే డెంటిస్టుకు చూపించండి. కొత్త పథకం వద్దు, బడ్జెట్టు వద్దు.

ఈ మాట నాకు తెలిసిన ఒక పిల్లల డాక్టరుగారితో అన్నాను. పళ్ళు మా సబ్జెక్టు కాదు కదండీ అన్నారు. నేను సరుకిచ్చే ఒక డెంటిస్టుగారితో అన్నాను. ఐదేళ్ళ పిల్లలు నొప్పి లేకుండా మా దగ్గరికి ఎందుకొస్తారండీ అన్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే. ఇద్దరి క్లినిక్కులూ ఒకే కాంప్లెక్సులో, ఒకటి కింద, ఒకటి పైన.